నేను పేరు చెప్పలేదు

నవంబరు 3, ఆదివారం

బెర్గెన్ పట్నం నుంచి వచ్చిన బోధకుడు కూడిక అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీ ప్రార్థన విన్నాక నా ప్రసంగం చప్పగా ఉంటుందేమోనని భయమేసింది" అన్నాడు. చుట్టూ అందరూ ఉన్నారు. నేను తల వంచుకుని, "అంతా ప్రభువుదే, నాదేముంది" అన్నాను. అలాంటప్పుడు అనవలసింది అదే.

ఆయనకు వల గురించి అన్న మాట బాగా పట్టినట్టుంది. చిరిగిన వలను కూడా నువ్వు పారేయవు తండ్రీ, ఒడిలో వేసుకుని కుట్టుకుంటావు, అన్నాను. ఆ మాటకు వెనక వరసలో తోమీనె ముసలమ్మ ముక్కు చీదింది. పొద్దున బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే తట్టిన మాట అది. దుంపల దగ్గర తట్టినంత మాత్రాన ఆత్మ ఇచ్చిన మాట కాకుండా పోదు కదా.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక మా ఆయన తోర్లైవ్ మొదలుపెట్టాడు.

"ఇక్కడేమో 'దీవించు ప్రభువా, ఆమెన్' అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు. అక్కడ అరగంట. దేవుడికి మందిరంలో అయితేనే చెవులు వినపడతాయా ఏంటే?"

"చేప చల్లారిపోతోంది, తినండి."

క్రిస్మస్‌కి తప్ప మందిరం గడప తొక్కని మనిషి. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మారుమనసు కోసం ప్రార్థిస్తూనే ఉన్నాను. ఊరందరికీ తెలుసు.

నవంబరు 7, గురువారం

సాయంత్రం బడి వదలగానే టీచర్ హెర్దిస్ వచ్చింది. కాఫీ పోశాను, తాగలేదు. కప్పు చుట్టూ చేతులు చుట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు నా ఆదివారపు బడిలో కూడా అలాగే కూర్చునేది, చేతుల్లో ఏదో ఒకటి పట్టుకుని.

"రాగ్నక్కా, నీకో మాట చెప్పాలి. మా ఆయనకి కూడా చెప్పలేదు."

వాళ్లాయన ఓడ్వార్ మళ్లీ తాగుతున్నాడేమో అనుకున్నాను. ఫెర్రీ పడవలో పనిచేసేవాళ్లకి అది మామూలే.

"నాకు నమ్మకం పోయింది."

"ఎవరి మీద?"

"ఎవరి మీద ఏంటక్కా. దేవుడి మీద."

ఏం జరిగిందని అడిగాను. జబ్బా, ఇంట్లో గొడవా, ఎవరైనా ఏమైనా అన్నారా.

"అదే కదా! ఏమీ జరగలేదు. ఏదైనా జరిగుంటే దాని మీదికి నెట్టేసేదాన్ని. ఓ రోజు పొద్దున్నే పొయ్యి రాజేస్తూ అలవాటుగా ప్రార్థన మొదలెట్టాను. అవతల ఎవరూ లేనట్టు అనిపించింది. ఫోను అవతలివాళ్లు పెట్టేశాక కూడా మనం మాట్లాడుతూ ఉంటామే, అట్లా. ఎండాకాలం ముందు నుంచీ అంతే."

మళ్లీ తనే అడిగింది.

"మరి నమ్మకం లేకుండా ఆదివారం మందిరంలో హార్మోనియం ముందు కూర్చోవడం తప్పు కదా? వేషం కదా అది? మానెయ్యమంటే మానేస్తాను, నువ్వు చెప్పు. కానీ అక్కా, పాట మాత్రం ఇంకా ఉంది నాలో. వాయిస్తున్నంతసేపూ ఏదో పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. అది కూడా వదిలేస్తే నేనేమైపోతానో తెలీదు."

నేను దాని చేతులు పట్టుకున్నాను. "వాయించు. నీ వేళ్లు ఇంకా నమ్ముతున్నాయి. మనసు వాటి వెనకే నడిచొస్తుంది" అన్నాను. అంత మంచి మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

కడుపులో పెట్టుకుంటానని మాటిచ్చాను. రోజూ తన కోసం ప్రార్థిస్తానని కూడా అన్నాను. వెళ్తూ గడప దగ్గర నన్ను గట్టిగా కావలించుకుంది. "చెప్పుకోవడానికి నువ్వున్నావు కాబట్టి సరిపోయింది" అంది.

నవంబరు 8

హెర్దిస్ కోసం ప్రార్థించాలి. ఇవాళ హెర్రింగు చేపలు ఉప్పులో వేసే పని తెమల్లేదు.

నవంబరు 10, ఆదివారం

హెర్దిస్ చాలా బాగా వాయించింది. నా వైపు చూసి నవ్వింది. ఒక ఆత్మ బరువు నా మీద ఉందని అనిపించింది. ఈ బరువు అందరికీ ఇవ్వడు ఆయన.

నవంబరు 12, మంగళవారం

ప్రార్థన కూడిక.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాన వల్ల పదిహేను మంది కూడా రాలేదు. హెర్దిస్ స్టూలు ఖాళీగా ఉంది. ఫెర్రీ రాలేదు, హెర్దిస్ అవతలి ఒడ్డునే చిక్కుకుపోయింది, ఇవాళ వాయిద్యం లేకుండానే పాడుకుందాం అని సంఘపెద్ద సీవర్ట్ గారు ముందే చెప్పారు. మిషనరీల కోసం నేను అనుకుని పెట్టుకున్న ప్రార్థన కాస్తా తోమీనె ముందే చేసేసింది. జబ్బుపడినవాళ్ల కోసం చెయ్యాల్సింది కూడా తనే తుడిచిపెట్టేసింది. చివరికి సీవర్ట్ గారు "రాగ్నా, నువ్వు నడిపించమ్మా" అన్నారు. లేచాను, కళ్లు మూసుకున్నాను, నా దగ్గర ఏమీ లేదు.

అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. వాళ్లు ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఆ మాట వచ్చింది.

"తండ్రీ, వేళ్లు నీ స్తుతి వాయిస్తున్నా హృదయం మూగబోయిన చెల్లెలు ఒకరు మా మధ్య ఉన్నారు. ఆరిపోయిన ఆ పొయ్యిలో నువ్వే ఊదు."

ఎవరో "అయ్యో ప్రభువా" అన్నారు. ఆ "అయ్యో" విన్నాక ఆగలేకపోయాను. అవతల ఎవరూ లేరనుకుంటోంది తండ్రీ, అన్నాను. నువ్వు ఫోను పెట్టేశావనుకుంటోంది, అన్నాను. ఇంకా చాలా అన్నాను. తోమీనె ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి హెర్దిస్ హార్మోనియం ముందు కూర్చుని ఉంది. ఫెర్రీ ఆలస్యంగానైనా వచ్చినట్టుంది. కోటు తడిసి ఉంది, చేతితొడుగులు తియ్యలేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

సీవర్ట్ గారు దగ్గి, ముగింపు పాట నంబరు చెప్పారు. హెర్దిస్ ఒక తొడుగు తీసింది, తర్వాత రెండోది తీసింది. పాట మొత్తం వాయించింది, ఒక్క చరణం కూడా వదల్లేదు. ఎక్కడా తప్పు పోలేదు. మూత దించి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

నేను పేరు చెప్పలేదు.

నవంబరు 13

తోమీనె పొద్దున్నే కాఫీకి దిగింది. రొట్టె మీద వెన్న రాసుకుంటూ, "నాకు నిద్రపట్టలేదే రాగ్నా. పాపం ఆ పిల్లకి ఏమైందంటావ్? మనకి సంగతి తెలిస్తేనే కదా సరిగ్గా ప్రార్థించేది" అంది.

"నేను చెప్పకూడదు తోమీనమ్మా. నన్ను నమ్మి చెప్పిన మాట అది."

"అంటే నీకు చెప్పిందన్నమాట!"

నోరు మూసుకున్నాను. మూసుకుని ఏం లాభం, అప్పటికే లేచి శాలువా కప్పుకుంటోంది.

నవంబరు 17, ఆదివారం

హార్మోనియం మూసే ఉంది. సీవర్ట్ గారే శృతి ఎత్తుకున్నారు. మూడో చరణానికల్లా ఆడవాళ్లెవరికీ అందలేదు. నన్ను నడిపించమన్నారు. తప్పిపోయిన గొర్రె గురించి ప్రార్థించాను. ఆయన కోరారు కాబట్టి చేశాను.

నవంబరు 18

తోర్లైవ్ రేవు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ అన్నాడు:

"నీ ప్రార్థన దేవుడి దాకా పోయిందో లేదో గానీ, రేవు దాకా మాత్రం వచ్చింది. ఐస్ బండివాడికి కూడా తెలిసిపోయింది."

"నేను పేరు చెప్పలేదండీ."

"ఊళ్లో హార్మోనియాలు ఎన్నున్నాయే?"

నవంబరు 21, గురువారం

రొట్టెకి ఈస్టు, పంచదార కావాలని సీవర్ట్ గారి కొట్టుకి వెళ్లాను. కొట్టులో ఇంకెవరూ లేరు. ఆయన బడి కమిటీలో కూడా పెద్ద. పంచదార తూస్తూ అడిగారు.

"ఒక్క మాట చెప్పు రాగ్నా. మన పిల్లలకి దైవపాఠం చెప్పే మనిషి సంగతిది. నిజమేనా?"

"నేను ప్రార్థన చేశానంతే సీవర్ట్ గారూ."

"అంటే, కాదనట్లేదు."

పొట్లం కట్టి ఇచ్చారు. "మంచిది. నిన్ను ఇరుకున పెట్టను" అన్నారు.

నేను అవునని అనలేదు. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. అవునని అనలేదు.

నవంబరు 26

దైవపాఠం హెర్దిస్ దగ్గర్నుంచి తీసేశారు. లెక్కలూ సంగీతమూ చెప్పుకోవచ్చట. సంగీతం కూడా "కొంతకాలం చూసి" అన్నారట.

తోమీనె మనవరాలు క్లాసులో లేచి, "టీచర్, మీరు నరకానికి వెళ్తారా?" అని అడిగిందట. "ముందు ఈ భాగహారం పూర్తిచెయ్యి, తర్వాత చూద్దాం" అందట హెర్దిస్. తోమీనె ఇది నవ్వుతూ చెప్పింది. నేను కూడా నవ్వాను. ఆమె వెళ్లాక కడిగిన కప్పులే మళ్లీ కడిగాను.

నవంబరు 28, గురువారం

ఇవాళ హెర్దిస్ ఇంటికి వెళ్లాను. వెళ్లాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. ఒకరోజు గాలి ఎక్కువగా ఉంది, ఒకరోజు ఒంట్లో బాగాలేదు.

పిండివంట ఏదైనా పట్టుకెళ్దామనుకుని మానేశాను. చావింటికి వెళ్లినట్టు ఉంటుంది.

తలుపు తీసి, "రా అక్కా" అంది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. అరిచినవాళ్లని ఓదార్చడం నాకు వచ్చు.

"నీ పేరు నేను చెప్పలేదు హెర్దిస్."

"తెలుసు."

"నీ మేలు కోసమే..."

"అక్కా, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు నీ వంటింట్లో మాటిచ్చావు కదా. మందిరంలో సంగతి వదిలెయ్. ఇంట్లో, ఒక్కదానివే ఉన్నప్పుడు, నా కోసం ఒక్కసారైనా ప్రార్థించావా?"

ప్రతిరోజూ అన్నాను.

ప్రతిరోజూ అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే" అంది. తర్వాత ఓడ్వార్ వచ్చే వేళయిందని లేచింది.

నవంబరు 29

పడకగదిలో మోకరించాను. "తండ్రీ" అన్నాను. తర్వాత మాట కోసం వెతికాను. మంచి మాట దొరికింది. దొరకగానే గొంతు పెంచాను. ఎందుకు పెంచానో వెంటనే తెలిసింది. పక్కన వంటింట్లో తోర్లైవ్ ఉన్నాడు.

లేచి పక్క దులిపాను.

నవంబరు 30

ఒంటరిగా చివరిసారి ఎప్పుడు ప్రార్థించానో గుర్తుచేసుకోవాలని చూశాను. మా అమ్మ చనిపోయిన ఏడు అనుకుంటాను. అప్పుడు కూడా పక్కన నర్సు ఉంది.

హెర్దిస్‌కి అవతల ఎవరూ లేరని తెలిసిపోయింది, బాధపడింది. నేనేమో ఆయన ఉన్నాడో లేడో చూసుకోకుండానే ఇన్నేళ్లు మాట్లాడాను. ఇవతల వినేవాళ్లుంటే చాలు నాకు.

డిసెంబరు 3, మంగళవారం

మందిరంలో లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నాను. నమ్మి చెప్పిన మాటను బయటపెట్టానన్నాను. నా పెదవులు వేషధారి పెదవులన్నాను. నా ప్రార్థనలు పైకి సున్నం కొట్టి లోపల కుళ్లిన గోడలన్నాను. నేను విరిగిన పాత్రనన్నాను.

గదంతా ఏడ్చింది. తోమీనె వచ్చి ముద్దుపెట్టుకుంది. సీవర్ట్ గారు కళ్లు తుడుచుకుని, "ఈ మందిరం కట్టిన దగ్గర్నుంచీ ఇంత దీనత్వం నేను చూళ్లేదు. రాగ్నని చూసి నేర్చుకోండి" అన్నారు. పెద్ద బరువు దిగిపోయింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా వెచ్చగా ఉంది.

తోర్లైవ్ వల బాగుచేసుకుంటున్నాడు. చెప్పాను.

"ఏమన్నారు?"

"అందరూ ఏడ్చారండీ."

"హెర్దిస్ వచ్చిందా?"

"ఎందుకొస్తుంది."

"మరి ఎవరికి చెప్పావే?"

కోటు విప్పి మేకుకి తగిలించాను. ఆయనే మళ్లీ అడిగాడు.

"పోనీ, ఆ పిల్ల పాఠాలు తిరిగి ఇమ్మని సీవర్ట్‌కి చెప్పావా?"

చెప్పలేదు. గుర్తే రాలేదు. విరిగిన పాత్ర గుర్తొచ్చింది. సున్నం కొట్టిన గోడ గుర్తొచ్చింది. హెర్దిస్ గుర్తు రాలేదు.

ఆయన తల ఊపి వల వైపు తిరిగాడు. తిట్టలేదు. ఈ మనిషి మారుమనసు కోసం ఊరంతా వినేలా ప్రార్థించినదాన్ని నేను.

డిసెంబరు 4

నిన్న రాసింది మళ్లీ చదివాను. అందులో కూడా చక్కని వాక్యాలు ఉన్నాయి.

డిసెంబరు 6, శుక్రవారం

కొట్టుకి వెళ్లాను. ఈసారి జనం ఉన్నారు. తోమీనె ఉంది, ఇంకా ఇద్దరు ముగ్గురు. వెళ్లిపోయేదాకా ఆగుదామనుకున్నాను. కానీ చాటుగా అడిగిన ప్రశ్నకి చాటుగా జవాబు చెప్పినందుకే ఇంత జరిగింది కదా.

"సీవర్ట్ గారూ, హెర్దిస్ పాఠాలు ఆమెకి తిరిగి ఇవ్వండి."

"అది కమిటీ విషయమమ్మా."

"నా మాట మీదే తీసేశారు. ఇప్పుడు కూడా నా మాట వినండి. నమ్మకం లేకుండా వాయించడం తప్పా అని అడగడానికి వచ్చిందా పిల్ల. వేషం వెయ్యకూడదని వచ్చింది. మన మందిరంలో ఆ ప్రశ్న ఇంకెవరు అడిగారు? నేనడగలేదు. మీరడిగారా?"

త్రాసు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నేను ఇంట్లో ప్రార్థన చెయ్యను. చాలా ఏళ్లయింది. మీరు వింటేనే చేస్తాను. కాబట్టి ఇకమీదట నడిపించమని నన్ను పిలవకండి."

కొంచెం తడబడ్డాను. మాటలు సరిగ్గా కుదర్లేదు, గొంతు కీచుమంది. ఎవరూ ఏడవలేదు. తోమీనె సబ్బు బిళ్లని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

సీవర్ట్ గారు గొంతు తగ్గించి, "నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు రాగ్నా. డాక్టర్‌కి చూపించుకో. నలుగురి ముందు ఇలాంటి మాటలు అనకూడదు" అన్నారు.

మంగళవారం ఇవే మాటలకి ఆయన కళ్లు తుడుచుకున్నారు.

కొనాల్సినవి కొనకుండానే వచ్చేశాను.

డిసెంబరు 11

తోమీనె కాఫీకి రావడం లేదు. నిన్నటి కూడికలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కోట్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది ఆ బల్ల.

కమిటీ మళ్లీ కూర్చుందట. "సంఘంలో ఇప్పటికే కలత ఉంది కాబట్టి" నిర్ణయం మార్చలేదట.

డిసెంబరు 14, శనివారం

హెర్దిస్‌కి అవతలి ఒడ్డున, బెర్గెన్ వైపు, ఏదో బడిలో ఉద్యోగం దొరికిందని తోర్లైవ్ చెప్పాడు. ఓడ్వార్ కూడా అటు ఫెర్రీ లైనుకి మార్పించుకున్నాడట. పండగ కాగానే వెళ్లిపోతారు. వాళ్ల తాతల నుంచీ ఇక్కడే ఉన్నారు.

ఆలస్యమైంది. అంతకంటే రాయడానికేమీ లేదు.

డిసెంబరు 25

పండగ. తోర్లైవ్ నాతో మందిరానికి వచ్చాడు. కోట్లు పక్కకి జరిపి నా పక్కన కూర్చున్నాడు. వాయిద్యం లేదు. ఈయన గొంతు బాగుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

డిసెంబరు 28, శనివారం

హెర్దిస్ ఇంటికి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. ఓడ్వార్ మంచం విప్పి బండికెక్కిస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. హెర్దిస్ వంటింట్లో గిన్నెలు పాత దుప్పట్లో చుడుతోంది. కూర్చోమనలేదు. కుర్చీలు కూడా లేవు.

"అబద్ధం చెప్పాను హెర్దిస్. ప్రతిరోజూ అన్నాను కదా. ఒక్కరోజు కూడా చెయ్యలేదు."

"తెలుసక్కా. నీ మొహం చూస్తేనే తెలిసింది." ఒక గిన్నె చుట్టి పక్కన పెట్టింది. "కొట్టులో నువ్వన్న మాటలు కూడా తెలుసు. ఆ మాటలు నవంబరులో అనుంటే బాగుండేది."

"అవును."

"నిన్ను చూస్తే జాలేస్తుందిలే. కానీ నాకు కోపం కూడా ఉంది. చాలా ఉంది. ఆ రోజు నీ కళ్లు మూసుకుని ఉన్నాయి కాబట్టి నువ్వు చూళ్లేదు. హార్మోనియం దగ్గరికి రాకముందే, గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాను. ఫోను మాట కూడా. నేను చెప్పుకున్నదాన్ని నువ్వు ఎంత బాగా వాడావో!"

నేను తల దించుకున్నాను. ఈసారి చూసేవాళ్లెవరూ లేరు.

"క్షమించమని అడగను" అన్నాను.

"అడగకు. క్షమించానంటే దాన్ని కూడా మంగళవారం పట్టుకెళ్తావేమోనని భయం నాకు." నవ్వలేదు గానీ పెదవి చివర కొంచెం కదిలింది. "ఇప్పుడైతే లేదు. ఎప్పుడైనా క్షమించినా నీకు చెప్పను. నీకు తెలియకుండానే ఉండనీ."

దుప్పటి కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మిగిలిన గిన్నెలు చుట్టాం. ఆఖరి పెట్టె బండెక్కాక, "వస్తా రాగ్నక్కా" అంది. ఇంకా అక్కా అనే అంది.

ఫెర్రీ దాకా వెళ్లలేదు. రేవులో జనం ఉంటారు.

జనవరి 7, మంగళవారం

కూడికకి వెళ్లాను. కొత్తగా వచ్చిన కుర్ర బోధకుడికి ఇక్కడి సంగతులు తెలియవు. ఎవరో నా గురించి పాత మాటలు చెప్పినట్టున్నారు. "రాగ్నమ్మగారూ, మీరు నడిపిస్తారా?" అని అడిగాడు. సీవర్ట్ గారు నేల చూస్తున్నారు.

"నా దగ్గర ఏమీ లేదు బాబూ," అని కూర్చునే ఉన్నాను. వేరే ఎవరో లేచారు.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. తోర్లైవ్ పడవ దగ్గర ఉన్నాడు. పడకగది తలుపు వేసి మంచం పక్కన మోకరించాను. చాలాసేపు మాట రాలేదు. రాకపోయినా లేవలేదు. తర్వాత హెర్దిస్ పేరు చెప్పాను.

ఇంకేమన్నానో ఇక్కడ రాయను.